దవడపంటి వేరు చీలిక – నిదానము, చికిత్స

పాలారు నదిపై నున్న బేతమంగళ జలాశయపు నీరు కోలారు బంగారు గనుల పట్టణమునకు దాహము తీర్చినది. ఆ గనులు 2001లో మూతపడినవి. ఆ ప్రాంతమునకు పేరు తెచ్చిన బంగారమునకు ఆభరణములు కాక వేరొక ఉపయోగము కూడ కలదు. ఇతర లోహములతో కలిపిన బంగారము బలహీనమైన దవడపంటికి తొడుగై కాపాడును. అట్టి తొడుగు లేని పంటికి రాగల ముప్పులలో వేరు చీలిక ముఖ్యమైనది.

క్రింది పెద్ద దవడపండ్లకు సాధారణముగా రెండు వేళ్లును, మీది వానికి మూడు వేళ్లును ఉండును. ముందుపంటికి దెబ్బ తగిలినపుడు వేరు తరచు అడ్డముగా విరుగును. ముక్కలు ఎడము కాకున్నచో, ప్రక్క పండ్లకు కట్టి కదలకుండ నిలిపిన అది మానవచ్చును. దవడపంటి వేరు అట్లుగాక నిలువున చీలును. ఈ చీలిక విరిగిన ఎముకవలె అతుకుకొనదు. సూక్ష్మక్రిములు దానిలో చేరి చుట్టునున్న ఎముకను హరించును.

రూట్ కెనాల్ చికిత్స పొందిన పండ్లలో ఈ బాధ అధికము. పుచ్చు వలనను, చికిత్సకై తొలిచిన దాని వలనను పంటి గోడలు పలుచనగుటయే ఇందులకు ప్రధాన కారణము. వేరులో దిగగొట్టిన లావుపాటి కీలము, నిద్రలో పండ్లు కొరుకుట, వక్కలవంటి గట్టి వస్తువులను పగులగొట్టుట దీనికి తోడగును.

నిదానము సులభము కాదు. జీవమున్న పన్ను పగిలినచో కొరికి వదలునపుడు చురుక్కుమనును. 1964లో కామెరాన్ అను దంతవైద్యుడు ఈ స్థితికి ‘పగిలిన పంటి లక్షణ సముదాయము’ అని పేరిడెను. జీవము తీసిన పంటిలో మందమైన నొప్పి, చిగురుపై చీము పొక్కు, నమలునపుడు అసౌకర్యము మాత్రమే కనబడవచ్చును. సన్నని కొలతసలాకను చిగురు చుట్టును త్రిప్పగా ఒక్కచోట మాత్రమే లోతుగా దిగినచో అనుమానము బలపడును. ఎక్స్-రేలో చీలిక గీత తరచు కానరాదు. వేరు ప్రక్కన ఎముక కరగిన నీడ మాత్రము తోచును. కోన్ బీమ్ సి.టి. కొంత తోడ్పడును గాని, వేరులోని లోహము, నింపుడు పదార్థము దానిని మోసగించవచ్చును. తుదకు చిగురును తొలగించి, నీలిరంగు పూసి సూక్ష్మదర్శినితో చూచినపుడే నిశ్చయమగును.

పగులు పైభాగముననే యున్నచో తొడుగు వేసి పన్నును నిలుపవచ్చును. పలువేళ్ల పంటిలో ఒక్క వేరే చీలినచో ఆ వేరును కోసి తీసివేసి మిగిలినవానిని కాపాడుటయు కలదు. అట్లు వీలుకానిచో పన్నును తీయుటయే మార్గము. చీలిన పంటికి మందులతో కాలయాపన చేసినచో ఎముక కరగిపోయి, తరువాత కృత్రిమ దంతమును అమర్చుట కూడ కష్టమగును.

కావున రూట్ కెనాల్ చేసిన దవడపంటిని తొడుగు లేక విడువరాదు. నొప్పి తగ్గుటతో పని ముగిసినదని తలచుట తరచుగా పన్నును పోగొట్టుచున్నది. బంగారము ప్రియమైనచో పింగాణి, జిర్కోనియా తొడుగులు కలవు. కోలారు బంగారు గనుల పట్టణమున దంతవైద్య కళాశాలయు, ఆసుపత్రియు ఉన్నందున బేతమంగళ ప్రజలు దూరభారము సాకుగా జాగు చేయనవసరము లేదు.