హెడ్ ప్యాకింగ్ సొంతంగా చేయించాలంటే: పాత బ్లాకు, కొత్త హెడ్, మధ్యలో ఒక్క రేకు

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క పార్ట్ గురించి. మెకానిక్ షాపులో దీన్ని హెడ్ ప్యాకింగ్ అంటారు, పుస్తకంలో సిలిండర్ హెడ్ గాస్కెట్ అని ఉంటుంది. మందం చూస్తే మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. కానీ అది పోయిందంటే బండి ఇంటి ముందు ఆగిపోవాల్సిందే.

జహీరాబాద్‌లో ఈ టాపిక్ ఎందుకు? మన ఊరికి ఇంజన్లు కొత్త కాదు. 1980లలో ఆల్విన్, నిస్సాన్ కలిసి చిన్న లారీలు తయారు చేసింది ఇక్కడే. తర్వాత ఆ ప్లాంటు మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో మహీంద్రా ట్రాక్టర్ ప్లాంటు కూడా ఇక్కడే మొదలైంది. ఊరు దాటితే చెరకు తోటలు. చెరకు నరికాక ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అంటే సీజన్‌లో ట్రాక్టర్ నాలుగు రోజులు ఆగితే రైతు జేబుకే చిల్లు.

సమస్య ఎక్కడ మొదలవుతుందో చూడండి. పాత ట్రాక్టర్ హెడ్ పగిలింది. కంపెనీ హెడ్ దొరకలేదు, లేదా రేటు ఎక్కువైంది. బయటి తయారీ హెడ్ తెచ్చారు. బోల్టులు సరిగ్గానే కూర్చుంటాయి. కానీ నీళ్ల రంధ్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉంటుంది, ఆయిల్ రంధ్రం కాస్త పెద్దగా ఉంటుంది. షాపులో దొరికే ప్యాకింగ్ పెడితే ఒక మూల కవర్ అవ్వదు. అప్పుడు వచ్చే మాట, "అన్నా, దీనికి ప్యాకింగ్ కట్ చేయిద్దాం". చేయించొచ్చు. కానీ ముందు ఆ రేకు చేసే పని అర్థం కావాలి.

ఒక్క రేకు, మూడు పనులు

మంట గ్యాస్‌ను సిలిండర్ లోపలే ఆపాలి. నీళ్లను నీళ్ల దారిలో, ఆయిల్‌ను ఆయిల్ దారిలో ఉంచాలి. మూడూ ఒకేసారి.

ఒక లెక్క చూద్దాం. బోర్ 90 మి.మీ. అనుకోండి. దాని వైశాల్యం సుమారు 63.6 చదరపు సెంటీమీటర్లు. డీజిల్ మండినప్పుడు లోపల 80 బార్ ప్రెషర్ వస్తే, హెడ్‌ను పైకి నెట్టే బలం 5 టన్నులకు పైనే. ఇంజన్ 2000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే, ఒక్కో సిలిండర్‌లో నిమిషానికి 1000 సార్లు ఈ దెబ్బ పడుతుంది. రేకు ఊరికే మధ్యలో ఉండటం లేదు, యుద్ధం చేస్తోంది.

ఏ మెటీరియల్?

ఇప్పటి కార్లలో ఎక్కువగా వచ్చేది ఎమ్‌ఎల్‌ఎస్, అంటే పొరలు పొరలుగా ఉండే స్టీల్. ఆ పొరల మీద రంధ్రాల చుట్టూ సన్నని ఉబ్బు గీతలు ఉంటాయి, స్ప్రింగ్‌లా పని చేసేవి అవే. ఆ ఉబ్బు తేవడానికి డై కావాలి. కాబట్టి ఎవరైనా ఉత్త స్టీల్ రేకును లేజర్‌లో కోసి "ఇది ఎమ్‌ఎల్‌ఎస్" అంటే నమ్మకండి. ఆకారం ఉంటుంది, స్ప్రింగ్ ఉండదు.

రెండోది కాంపోజిట్. మధ్యలో స్టీల్, రెండు వైపులా గ్రాఫైట్ లాంటి మెత్తని పొర, బోర్ చుట్టూ స్టీల్ రింగ్. పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఈ రకమే చూస్తాం. ఆ రింగ్ మడిచే ప్రెస్ ఉన్నచోటే దీన్ని చేయించాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే జాయింటింగ్ షీట్‌ను కత్తిరించి హెడ్ కింద పెట్టకూడదు. అది వాటర్ పంప్ లాంటి చోట్లకు సరిపోతుంది, మంటకు నిలబడదు.

మూడోది రాగి రేకు. ఒక్క పీస్ మాత్రమే కావాలంటే మనకు అందుబాటులో ఉండే దారి ఇదే. మంటను బాగా ఆపుతుంది. కానీ ఒక మెలిక ఉంది: నీళ్లను, ఆయిల్‌ను రాగి సొంతంగా సరిగ్గా ఆపలేదు. ఆ రంధ్రాల చుట్టూ వేడిని, ఆయిల్‌ను తట్టుకునే సీలెంట్ సన్నగా రాయాలి.

ఇంకొక్క జాగ్రత్త. చాలా పాత ప్యాకింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండేది. హెడ్‌కు అంటుకున్న పాత ప్యాకింగ్‌ను గ్రైండర్ బ్రష్‌తో పొడిగా గీకొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితాంతం బాధ. తడిపి, చేత్తో మెల్లగా తీయండి.

కొలతలు: పాత ప్యాకింగ్‌ను నమ్మొద్దు

చాలామంది పాత ప్యాకింగ్‌ను రేకు మీద పెట్టి గీత గీసేస్తారు. అది ఏళ్ల తరబడి నలిగింది, సాగింది, అంచులు కాలాయి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది పాత డాక్యుమెంటేషన్. అసలు సోర్స్ కోడ్ బ్లాకూ, హెడ్డూ.

బ్లాకు మీద కాగితం పరిచి, అంచుల వెంట వేలితో రుద్ది అచ్చు తీయండి. హెడ్‌కు కూడా అలాగే. రెండు కాగితాలనూ పక్కన స్టీల్ స్కేల్ పెట్టి స్కాన్ చేయండి. స్కేల్ ఎందుకంటే, స్కానర్ సైజు మార్చిందో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది. ఫోన్ ఫొటో మాత్రం వద్దు, యాంగిల్ కొంచెం మారినా కొలత పోతుంది. తర్వాత లిబ్రేక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి గీయండి. బోర్‌ను, డోవెల్ పిన్నుల మధ్య దూరాన్ని మాత్రం వెర్నియర్‌తోనే కొలవండి.

బోర్ రంధ్రం అసలు బోర్ కన్నా 1 నుంచి 1.5 మి.మీ. పెద్దగా ఉండాలి. రేకు అంచు లోపలికి పొడుచుకు వస్తే ఎర్రగా కాలుతుంది. డోవెల్ రంధ్రాలు టైట్‌గా, బోల్టు రంధ్రాలు కాస్త లూజుగా ఉండాలి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని పాయింట్. నీళ్ల రంధ్రాలను హెడ్ సైజుకు పెద్దవి చేయకండి. చాలా ఇంజన్లలో ప్యాకింగ్ రంధ్రం కావాలనే చిన్నగా ఉంటుంది. వాటర్ పంప్ ముందు వైపు ఉంటుంది కాబట్టి, నీళ్లు దగ్గరి దారిలో పైకి ఎక్కకుండా చివరి సిలిండర్ దాకా పోవాలని అలా పెడతారు. అన్నీ పెద్దవి చేస్తే చివరి సిలిండర్ వేడెక్కుతుంది. "కొత్త ప్యాకింగ్ వేసినా హీట్ అవుతోంది" అనే కంప్లయింట్‌కు ఇదీ ఒక కారణం.

డ్రాయింగ్ అయ్యాక ముందు కాగితం మీద అసలు సైజులో ప్రింట్, తర్వాత అట్ట ముక్క. రెండూ బ్లాకు మీద, హెడ్ మీద సరిపోయాకే రాగి. రాగి లేజర్ వెలుతురును వెనక్కి కొడుతుంది, తక్కువ పవర్ మెషీన్ల మీద సరిగ్గా తెగదు. వాటర్‌జెట్ నయం.

మందం: అసలు ప్రమాదం ఇక్కడే

బోర్ 90, స్ట్రోక్ 110 అనుకుందాం. ఒక్కో సిలిండర్ 700 సీసీ. కంప్రెషన్ రేషియో 17.5 అయితే పైన మిగిలే ఖాళీ 42.4 సీసీ. పాత ప్యాకింగ్ నలిగాక 1.2 మి.మీ., మనం వేసిన రాగి 1.5 మి.మీ. తేడా 0.3 మాత్రమే. కానీ ఖాళీ దాదాపు 2 సీసీ పెరిగి, రేషియో 16.8కి పడిపోతుంది. చలికాలం పొద్దున స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది, తెల్ల పొగ వదులుతుంది.

పలుచన చేస్తే ఇంకా ఘోరం. పిస్టన్ పోయి హెడ్‌కు తగలొచ్చు. అందుకే సీసం తీగ టెస్ట్ చేయాలి. పిస్టన్ మీద, గడ్జన్ పిన్ వరుసలో, వాల్వులు తగలని చోట రెండు చిన్న తీగ ముక్కలు గ్రీజుతో అంటించండి. మందం తెలిసిన ప్యాకింగ్ పెట్టి హెడ్ బిగించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. హెడ్ విప్పి, నలిగిన తీగను మైక్రోమీటర్‌తో కొలిస్తే అదే పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య గ్యాప్. ఆ ఇంజన్ మాన్యువల్ చెప్పిన గ్యాప్ వచ్చేలా రేకు మందం ఎంచుకోండి.

కాల్చడం, బిగించడం

రాగిని కోశాక అంచుల గరుకు తీసి, మసక ఎరుపు వచ్చేదాకా సమానంగా కాల్చి నీళ్లలో ముంచండి. ఇనుములా గట్టిపడదు, రాగి మెత్తబడుతుంది. నల్ల పొర చింతపండుతో రుద్దితే పోతుంది, మన ఇంట్లో రాగి చెంబు తోమినట్టే. తర్వాత రెండు చదును ప్లేట్ల మధ్య పెట్టి సాపు చేయండి.

బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. సాగే రకం బోల్టులైతే కొత్తవే వాడాలి. పాత రకం బోల్టులైతే ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మాన్యువల్ ప్రకారం మళ్లీ టార్క్ చూడండి. ఆ తర్వాత టాపెట్లు మళ్లీ సెట్ చేయాలి, ఎందుకంటే హెడ్ కిందికి దిగితే వాల్వ్ గ్యాప్ మారుతుంది.

ఎప్పుడు వద్దనాలి?

హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, ఫీలర్ గేజ్‌తో చూడండి. వంపు మాన్యువల్ లిమిట్ దాటితే ముందు ఫేసింగ్ కొట్టించాలి. హెడ్‌లోని నీళ్ల రంధ్రం బోర్ అంచుకు మరీ దగ్గరగా వచ్చి, మధ్యలో సీల్‌కు చోటే లేకపోతే, ఆ హెడ్‌ను వాపసు ఇచ్చేయండి. ఏ రేకూ దాన్ని కాపాడలేదు. బోల్టు బలం పడాలంటే కింద లోహం ఉండాలి కదా.

ఒకటే గుర్తు పెట్టుకోండి: ప్యాకింగ్ రెండు మంచి ముఖాలను కలుపుతుంది, చెడ్డ ముఖాన్ని మంచిది చేయదు. "ఏదో ఒకటి కోసి పెట్టేద్దాం" అని ఎవరైనా అంటే, ముందు ఆ తీగ టెస్ట్ చేయమని అడగండి. ఒక పూట పని ఎక్కువ, కానీ పిస్టన్ దక్కుతుంది.

మీ దగ్గర ఇలాంటి హెడ్ ఉంటే, పక్కన స్కేల్ పెట్టి తీసిన స్కాన్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో దాన్నే డ్రాయింగ్‌గా మారుద్దాం. ఉంటాను, ఫ్రెండ్స్.