వండిన చేతికి కూలి వద్దా?

రంజాన్ దగ్గర పడితే చాలు, ఫోన్లలో ఆ సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది: “ఈ సంస్థలకు ఇవ్వకండి, మీ చందాతో జీతాలు తీసుకుంటున్నారు.” ఇంగ్లీషులో ఇలాంటిదే ఏళ్ల తరబడి తిరుగుతోంది. యునిసెఫ్ అధిపతికి రోల్స్ రాయిస్ కారు ఇచ్చారని అందులో ఉంటుంది. అది అబద్ధమని యునిసెఫ్ అమెరికా విభాగం ఖండించినా ఆగలేదు. కారు కథను నమ్మనివాళ్లు కూడా దాని అడుగునున్న అపోహను గట్టిగా నమ్ముతున్నారు. చిన్న సంస్థల గొంతు నులుముతున్నది అదే.

అపోహ: ఇచ్చిన ప్రతి రూపాయీ పేదవాడి కంచంలోకే వెళ్లాలి. జీతాలకు పైసా వాడినా మోసమే.

వాస్తవం: ఇలా వాదించేవాళ్లు హైదరాబాద్‌లోని దబీర్‌పురానే సాక్ష్యంగా చూపిస్తారు. 2012లో అక్కడి ఫ్లైఓవర్ కింద అజర్ మఖ్సూసీ ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టడం మొదలుపెట్టారు. ఇంట్లో భార్య వండితే ఆయన తెచ్చి పంచేవారు. ఆయనకు లేని ఖర్చులు మీకెందుకని మిగతా సంస్థలను నిలదీస్తారు. కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. తినేవాళ్లు పెరిగాక ఇంటి పొయ్యి చాలలేదు. సానీ వెల్ఫేర్ ఫౌండేషన్ ఏర్పడింది. అన్నదానం గాంధీ ఆసుపత్రికీ, ఇతర నగరాలకూ విస్తరించింది. ఒక మనిషి మంచితనం సేవను మొదలుపెట్టగలదు. ఏళ్ల తరబడి రోజూ మధ్యాహ్నానికి అన్నం ఉడకాలంటే వంటమనిషి, గ్యాసు, బండి, గిన్నెలు తోమేవాళ్లు కావాలి. వాళ్లకూ ఇంటద్దె ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి. ఒక పేదవాడికి అన్నం పెట్టడానికి ఇంకో పేదవాడితో వెట్టి చేయించాలా?

ఇదేమీ కొత్త వాదన కాదు. ముస్లింలు విధిగా ఇవ్వాల్సిన దానమైన జకాత్‌ను అందుకోదగిన ఎనిమిది వర్గాలను ఖురాన్ పేర్కొంది. పేదలు, నిరుపేదల తర్వాత వెంటనే వచ్చేది ఆ సొమ్మును వసూలు చేసి చూసుకునేవాళ్లే. సేవ చేసేవాళ్లకు కూలి అక్కడే మంజూరైంది. చట్టం కూడా సున్నా ఖర్చు అడగలేదు. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో బిగించినప్పుడు పరిపాలన ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు తప్ప పూర్తిగా తీసేయలేదు.

అసలు నష్టం ఇక్కడుంది. దాతలకు పన్ను మినహాయింపునిచ్చే 80జి గుర్తింపు ఉన్న సంస్థ ఏటా మే 31లోగా దాతల వివరాలను ఆదాయపు పన్ను శాఖకు సమర్పించాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. ఆదాయం పరిమితి దాటితే ఆడిట్ తప్పనిసరి. “జీతాలకు వాడొద్దు” అని దాతలు షరతు పెడితే ఈ లెక్కలు ఎవరు రాస్తారు? లెక్కలు తప్పితే పన్ను గుర్తింపు చిక్కుల్లో పడుతుంది. అది పోతే కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల దారి కూడా మూసుకుపోతుంది. దాతల షరతును తప్పించుకోవడానికి కొన్ని సంస్థలు జీతాన్ని ఇంకో పద్దు కింద దాచేస్తాయి. సున్నా ఖర్చు కావాలని పట్టుబట్టి మనమే అబద్ధపు లెక్కలు రాయిస్తున్నాం.

అపోహ: చందాలడిగేవాళ్లలో దొంగలున్నారు, కాబట్టి ఖర్చు సున్నా చూపేవాళ్లనే నమ్మాలి.

వాస్తవం: దొంగలున్నారు, ఒప్పుకోక తప్పదు. రోగి ఫొటో కింద తమ క్యూఆర్ కోడ్ అంటించి వసూలు చేసేవాళ్లున్నారు, రసీదు అడిగితే మాయమయ్యేవాళ్లున్నారు. అయితే వాళ్ల కాగితాల మీద కూడా ఖర్చు సున్నా అని ఉండొచ్చు. కాబట్టి సున్నాను చూసి నమ్మకండి.

మిగతావి క్లుప్తంగా:

రోగికి సాయం కోరే సందేశాన్ని పదిమందికి పంపితే ఆ రోగికి రూపాయి చేరుతుందన్నది పచ్చి అబద్ధం.

80జి రసీదుతో పన్నంతా పోదు. సాధారణంగా ఇచ్చిన దాంట్లో సగానికే మినహాయింపు. 2,000 రూపాయలు మించిన నగదుకు అదీ లేదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు.

సీఎస్‌ఆర్ అందరినీ ఆదుకోదు. సగటు లాభాల్లో 2 శాతం దానికి ఖర్చు చేయాలన్న నిబంధన చట్టం చెప్పిన స్థాయి దాటిన కంపెనీలకే వర్తిస్తుంది.

సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో సేవాసంస్థల జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ పత్రాలు కొనడం జూదం కాదు. వడ్డీ రాదు, అసలు తిరిగిరాదు. అది విరాళమే.

రేపు నిధులు ఏ దారిన వచ్చినా, యూపీఐ ద్వారా వచ్చినా ఎక్స్ఛేంజీ ద్వారా వచ్చినా, నిలబడేది లెక్క చూపగల సంస్థే. లెక్క రాసే మనిషికి జీతమివ్వాల్సింది మనమే. అందుకే ఇచ్చేముందు రిజిస్ట్రేషన్ చూడండి. వ్యక్తి ఖాతాకు కాకుండా సంస్థ ఖాతాకు పంపండి. పండగకు ఒకేసారి ఇచ్చే మొత్తాన్ని నెలనెలా ఇస్తే వాళ్లు వంటమనిషిని ధైర్యంగా పెట్టుకోగలరు. అవసరమైన ఖర్చుకు వాడుకోండని స్పష్టంగా చెప్పి ఇవ్వండి. ఏడాది తిరిగేసరికి ఆడిట్ నివేదిక అడగండి. చూపిస్తే కొనసాగించండి, చూపించకపోతే ఆపేయండి.