గురి కుదరాలంటే ముందు నిలకడ కుదరాలి

మీ అబ్బాయో అమ్మాయో ఎన్.సి.సి.లోనో, క్లబ్బులోనో రైఫిల్ కాల్చడం నేర్చుకుంటున్నారా? ఇంటికొచ్చి మెడ పట్టేసిందనీ, నడుము లాగుతోందనీ అంటున్నారా? "కొత్త కదా, అదే అలవాటవుతుంది" అని ఊరుకోకండి. నిలబడే తీరు కుదరకపోయినా, తుపాకి ఒంటికి సరిపోకపోయినా ఇలాంటి నొప్పులు వస్తాయి. రెండూ సరిచేసుకోదగినవే.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్య పతకం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో. నిలబడి కాల్చే ఆ రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా వుండవచ్చు. ఒక్క పోటీలోనే 60 గుళ్లు కాల్చాలి. ఇంత బరువును కండలతో మోస్తే చెయ్యి వణుకుతుంది. దాన్ని ఎముకల మీద నిలపాలి.

మల్యాలలో బోరింగు నుంచి నీళ్లబిందె చంకన పెట్టుకుని వచ్చే ఇల్లాలిని గమనించండి. బరువు తుంటి ఎముక మీద వుంటుంది. ఒళ్లు రెండోవైపు కాస్త ఒరుగుతుంది. రైఫిల్ పట్టడమూ ఇంతే. కుడిచేతివాటం వాళ్లు ఎడమపక్క లక్ష్యం వైపు వుండేటట్లు నిలబడి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, ఎడమ మోచేతిని తుంటి మీదగానీ పక్కటెముకల మీదగానీ ఆనించాలి. ఒరుగుడు మితిమీరితే మాత్రం నడుముకు చేటు.

నిలకడ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఒకటుంది. గురిపెట్టి కళ్లు మూసుకుని, రెండు మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి తీసి వదిలి, కళ్లు తెరవండి. గురి పక్కకు జరిగిందా? చేతులతో తుపాకిని నెట్టకండి, పాదాలు జరపండి.

ఇక తుపాకి సంగతి. భుజానికి ఆనే వెనకభాగం పొడవెక్కువైతే మెడ ముందుకు సాగుతుంది, తక్కువైతే భుజం ముడుచుకుంటుంది. చెంపను హాయిగా ఆనించగానే కన్ను సరిగ్గా గురిరంధ్రానికి ఎదురుగా రావాలి. రాకపోతే చెంప ఆనే చెక్కను జరిపించండి, తల వంచకండి. కళ్లజోడు వున్నవారు తల వంచితే అద్దం అంచులోంచి చూడవలసి వస్తుంది. రెండో కన్ను బిగించి మూయకుండా దానికి చిన్న అడ్డు పెట్టుకుంటే ముఖం అలిసిపోదు. ఎదిగే పిల్లలకు కొన్ని నెలలకొకసారి ఈ కొలతలన్నీ మళ్లీ చూడాలి.

చప్పుడుతో వచ్చే చెవుడు చెప్పిరాదు. సిరిసిల్ల మరమగ్గాల మధ్య పనిచేసేవారిని అడిగితే చెబుతారు. పాయింట్ ట్వంటీటూ రైఫిల్ కాల్చేటప్పుడు చెవులకు రక్షణ తప్పనిసరి. గుళ్లలో సీసం వుంటుంది. వాటిని నోట్లో పెట్టుకోకూడదు. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినాలి.

కాలిలోకి పాకే నొప్పి, చేతివేళ్ల తిమ్మిరి, చెవిలో హోరు తగ్గకుండా వుంటే ఆట ఆపి డాక్టరుకు చూపించండి. పతకానికి మరో ఏడాది వుంటుంది. వెన్నెముక మాత్రం ఒకటే!