సి భాషయందు ఘాతగణనము

ఒక సంఖ్యను దానిచేతనే పలుమారులు గుణించుటకు ఘాతక్రియ యని పేరు. 10ని మూడుమారులు వ్రాసి గుణించినచో 1000 వచ్చును. ఇందు 10 ఆధారము, 3 ఘాతాంకము. ఇంతవరకు క్రింది తరగతులనుండియు మన మెఱిగినదే. కాని ఘాతాంకము 3.5 అయినచో నేమి చేయవలెను? మూడున్నర మారులు గుణించుట యెట్లు? ఈ ప్రశ్నకు కంప్యూటరుచేత సమాధానము చెప్పించు విధమును వివరించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

ఈ లెక్క మన ప్రాంతమునకు దూరమైనది కాదు. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరువు, బొల్లారము పరిసరములయందు 1970వ దశకమునుండి ఔషధ, రసాయన కర్మాగారములు పెక్కు వెలసినవి. వాని వ్యర్థజలము నక్కవాగున గలిసి పొలములను, బావులను చెఱచినందున 1990లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము దాఖలయ్యెను. వాగులలోనికిని నదులలోనికిని విడుచు వ్యర్థజలముయొక్క పీహెచ్ 5.5కును 9.0కును నడుమ నుండవలెనని మన దేశపు నిబంధన. ఈ పీహెచ్ అనునది నిజమునకొక ఘాతాంకము. లీటరు నీటియందు హైడ్రోజను అయానులెన్ని మోల్‌లు గలవో తెలియుటకు, పీహెచ్ ముందు ఋణచిహ్నము నుంచి దానిని 10కి ఘాతాంకముగా వేయవలెను. ఆ రెండు హద్దులకును భేదము 3.5 మాత్రమే. కాని 10ని మూడుమారులు గుణించి, ఆ వచ్చిన 1000ని 10 యొక్క వర్గమూలమగు 3.1623చే గుణించినచో సుమారు 3162 అగును. అనగా 5.5 గల నీటియందు, 9.0 గల నీటియందుకంటె హైడ్రోజను అయానులు మూడువేల రెట్లకు పైగా నుండును. చూపునకు అల్పము, ఫలమునకు అనల్పము. ఘాతగణనమున తప్పు జరిగినచో దాని పరిమాణ మెట్టిదో దీనివలన తెలియగలదు.

పటాన్‌చెరువునందు ఇక్రిశాట్ పరిశోధన సంస్థ స్థాపితమైన 1972వ సంవత్సర ప్రాంతముననే, అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌నందు డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించుచుండెను. అంతకు పూర్వమున్న ఫోర్ట్రాన్ భాషయందు ఘాతక్రియకు రెండు నక్షత్రపు గుర్తులు కలవు. సి భాషయందు అట్టి చిహ్నమే లేదు. కెర్నిగన్, రిచీ యనువారు 1978లో ప్రకటించిన గ్రంథమున, గుణకారమును మరల మరల చేయించు చిన్న ప్రమేయమొకటి పాఠముగా చూపబడినది. అది పూర్ణసంఖ్యలకే చాలును, 3.5 వంటి వానికి చాలదు.

ఆ కొఱత తీర్చుటకు ఆ భాషయొక్క ప్రామాణిక గణిత లైబ్రరీయందు ‘పౌ’ అను ప్రమేయము కలదు. ‘పవర్’ అను మాటకిది సంక్షేపము. దీనిని వాడువారు ప్రోగ్రాము మొదట ‘మ్యాథ్.హెచ్’ అను శీర్షిక ఫైలును చేర్చుకొనవలెను. యూనిక్స్ వంటి వ్యవస్థలయందు సాధారణముగా కంపైలు చేయునపుడు గణిత లైబ్రరీని కలుపుమని ‘-ఎల్ఎమ్’ అను సూచనయు నీయవలెను. పిమ్మట పౌ(10.0, -5.5) అని వ్రాసిన, మొదటిది ఆధారముగను రెండవది ఘాతాంకముగను గ్రహించి, అది సుమారు 0.00000316 అను ఫలము నిచ్చును. ఇచ్చునదియు పుచ్చుకొనునదియు ‘డబుల్’ అను దశాంశజాతి సంఖ్యలే.

దీని లోపలి యుపాయము సంవర్గమాన పట్టికలు చూచినవారికి క్రొత్త కాదు. ఆధారముయొక్క సంవర్గమానమును గనుగొని, దానిని ఘాతాంకముచే గుణించి, ఆ లబ్ధమునకు ప్రతిసంవర్గమానము తీయుటయే మూలసూత్రము. ధనసంఖ్యకు మాత్రమే వాస్తవ సంవర్గమాన ముండును గనుక, -2కు 0.5 ఘాత మడిగినచో ‘సంఖ్య కాదు’ అను ఫలము వచ్చును.

ఇక జాగరూకత వహింపవలసిన చోట్లు మూడు.

మొదటిది: నోటుపుస్తకములలో ఘాతమునకు వాడుకయైన ^ అను టోపీగుర్తు సి భాషయందు ఘాతమును దెలుపదు, అది ద్వియాంశ సంఖ్యల అంకెలను పోల్చు వేఱొక క్రియ. 10 ^ -7 అని వ్రాసిన కంప్యూటరు దోషము చూపక -13 అని బదులు చెప్పును. అయానులు ఋణసంఖ్యలో నుండుట యెట్లు?

రెండవది: పౌ(10.0, -11/2) అని వ్రాయరాదు. రెండు పూర్ణసంఖ్యల భాగహారమున సి భాష భిన్నమును విడిచివేయును. -5.5కు మాఱుగా -5 నిలిచి, ఫలము మూడు రెట్లకు మించి పెరుగును. -11.0/2 అని వ్రాసినచో బాధ లేదు.

మూడవది: ఫలమును పూర్ణసంఖ్యా స్థానమున నుంచునపుడు దశాంశభాగము కత్తిరింపబడును. కొన్ని లైబ్రరీలయందు 100 రావలసినచోట 99.99 వంటి విలువ వచ్చి, కత్తిరింపగా 99 మిగులుట కలదు. చిన్న పూర్ణఘాతములకు గుణకారమే మేలు. లేదా ‘రౌండ్’ ప్రమేయముచే ఫలమును సవరించుకొనవలెను.

చదువరులారా! ఈ మూడింటను కంప్యూటరు తప్పు చేయలేదు. మనము వ్రాసినదానినే చేసినది. కావున ఫలము చేతికి రాగానే, అది యుక్తమగునా కాదా యని ఒక్కమారు మనస్సున అంచనా వేయుట అలవఱచుకొనుడు. 10 యొక్క ఋణఘాత మెన్నడును సున్నకు దిగువకు పోదని యెఱిగినవాడు -13ను చూచినంతనే ఆగును. వాగునీటిని పరీక్షించు వానికి కావలసిన మొదటి గుణమును అదియే.