'అట' తీసేసే ముందు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఏదో ఒక వారపత్రిక చేతిలోకి తీసుకుంటాం. కొత్తగా పేరు వస్తున్న ఓ నటి బొమ్మ, పక్కనే ఆమె కథ. ఫలానా ఊళ్లో పుట్టింది, అయిదో ఏట నాట్యం మొదలుపెట్టింది, వయసు ఇంత. నెల తిరిగేసరికి ఇంకో పత్రికలో ఊరు మారిపోతుంది, వయసు రెండేళ్లు తగ్గిపోతుంది. మనం చదివింది ఒకటి, పక్కింటావిడ చదివింది ఇంకొకటి. ఇక పిట్టగోడ దగ్గర వాదన! ఇందులో నిజమేదో తేల్చుకోవడం ఎట్లాగో ఈవేళ కాసేపు చెప్పుకుందాం.

"ఆమె ఎక్కడ పుడితే మనకేమిటండీ?" అంటారేమో. ముందు మన ఇంటి సంగతే చూడండి. నేను పుట్టింది కార్తీకమాసంలో, దీపాలు పెట్టే వేళ అని మా అమ్మ చెప్పేది. బళ్లో వేసేటప్పుడు వయసు చాలదని మాస్టారు జూలై 1 అని రాసుకున్నారు. ఈనాటికీ కాగితాల్లో నేను పుట్టింది జూలై 1నే. నా ఈడువాళ్లలో ఆ తేదీన పుట్టినవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారు! అంటే కాగితం మీద ఉన్నదల్లా నిజం కాదు. అట్లాగని నోటిమాటనూ గుడ్డిగా నమ్మలేం. ఈ రెంటి మధ్యా ఎంత కథ నడుస్తుందో తెలియాలంటే మెర్ల్ ఒబెరాన్ సంగతి వినాలి.

ఈమె 1930ల్లో ఇంగ్లండులోనూ, హాలీవుడ్‌లోనూ వెలిగిన తార. 1933లో ఎనిమిదో హెన్రీ రాజు కథతో వచ్చిన చిత్రంలో ఆన్ బొలీన్‌గా కనిపించింది. ఉన్నది కాసేపే అయినా అందరి కళ్లూ ఆమె మీదే పడ్డాయి. 1935లో వచ్చిన 'ది డార్క్ ఏంజెల్' చిత్రానికి ఉత్తమ నటిగా ఆస్కార్ పోటీలో నిలిచింది. 1939లో 'వదరింగ్ హైట్స్'లో నాయిక.

అప్పటి పత్రికల్లో ఆమె బాల్యం గురించి వచ్చిన కథ ఇది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలో, హోబర్ట్ పట్నంలో పుట్టిందట. తండ్రి వేటకు వెళ్లి ప్రమాదంలో పోయాడట. ఆ తరవాత ఇండియాకు వచ్చిందట. పుట్టుక కాగితాలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయట. ఒకరిని చూసి ఒకరు రాస్తూ పోగా ఆ 'అట' కాస్తా ఎగిరిపోయింది. 'పుట్టిందట' అన్నది 'పుట్టింది' అయి కూర్చుంది.

మన తెలుగులో ఈ 'అట' ఎంత మంచి మాటో చూడండి. నేను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను అని నిజాయితీగా ఒప్పుకునే మాట అది. దాన్ని తీసేసే ముందు మనం కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఈ మాట మొట్టమొదట ఎవరు చెప్పారు? పది పత్రికల్లో వచ్చింది కదా అంటే చాలదు. పదీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవైతే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే సాక్ష్యం. మెర్ల్ కథ పుట్టింది హోబర్ట్‌లో కాదు, సినిమావాళ్ల ప్రచార విభాగంలో.

రెండోది, ఆ మాట వల్ల ఎవరికి లాభం? అమెరికాలో ఆ రోజుల్లో వేరు వేరు జాతులవాళ్ల మధ్య ప్రేమను తెరమీద చూపకూడదని కట్టుబాట్లుండేవి. మిశ్రమ రక్తం ఉన్న పిల్ల అని తెలిస్తే నాయిక వేషాలు రావు. హోబర్ట్ అయితే బ్రిటిష్‌వాళ్ల ఊరు, పైగా ఎక్కడో భూగోళం చివర. వెళ్లి అడిగేవాళ్లెవరు?

మూడోది, కాగితాలు కాలిపోయాయన్న మాట. నిజంగా కాలిపోవచ్చు, కాదనను. కాని మనిషి బతుకు ఒక్క కాగితంలోనే ఉండదు కదా! బళ్లో రిజిస్టరు ఉంటుంది, ఉద్యోగం చేసినచోట పేరుంటుంది, కలిసి చదువుకున్నవాళ్లుంటారు. హోబర్ట్‌లో వెతికినవాళ్లకు ఆమె జాడ లేదు. జాడలన్నీ ఉన్నది కలకత్తాలో. అక్కడి లా మార్టినియర్ బాలికల పాఠశాలలో చదివింది. తోటిపిల్లల వేధింపు పడలేక మానేసింది. క్వీనీ థామ్సన్ అనే పేరుతో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసింది. ఔత్సాహిక నాటక సమాజంలో వేషాలు వేసింది. 1920ల చివర ఐరోపాకు ప్రయాణమైంది.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఎంత అతికినా ఎక్కడో ఒకచోట ఊడుతుంది. 1978లో హోబర్ట్ మేయరు "మా ఊరి ఆడపడుచు" అని ఆమెకు సన్మానం ఏర్పాటు చేశారు. పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గర చెప్పుకోగలమా? పుట్టని ఊరివాళ్ల మధ్య నిలబడి తాను అక్కడ పుట్టలేదని అనేసి, ఒంట్లో బాగాలేదంటూ వెళ్లిపోయింది. మరుసటి ఏడు, 1979 నవంబరులో కన్నుమూసింది.

1983లో వచ్చిన ఆమె జీవితచరిత్ర అసలు ఊరిని లోకానికి చెప్పింది. మెర్ల్ 1911 ఫిబ్రవరి 19న బొంబాయిలో పుట్టింది. సింహళ సంతతి కలిసిన షార్లెట్ అనే ఆవిడ ఆమెను పెంచింది. షార్లెటే కన్నతల్లి అని అందరూ అనుకున్నారు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. షార్లెట్‌కు కాన్‌స్టెన్స్ అనే కూతురుంది. మెర్ల్‌కు అక్క అని లెక్క. ఆ కాన్‌స్టెన్స్ కొడుకు హ్యారీ సెల్బీ, మెర్ల్ తనకు పిన్ని అనుకుంటూనే పెరిగాడు. అతను బొంబాయి రికార్డుల్లో మెర్ల్ పుట్టుక కాగితం వెతికి పట్టుకున్నాడు. తల్లి అన్నచోట ఉన్న పేరు షార్లెట్ కాదు, కాన్‌స్టెన్స్! పిన్ని అనుకున్న మనిషి అతనికి ఒకే తల్లికి పుట్టిన అక్క. కాన్‌స్టెన్స్ ఇంకా చిన్నపిల్లగా ఉండగా బిడ్డను కంటే, పరువు పోతుందని తల్లే మనవరాలిని కూతురన్నది. హ్యారీ అమెరికా వెళ్లి మెర్ల్‌ను చూడబోతే ఆమె కలవనన్నది. ఆ నిజాన్ని అతను చాలాకాలం కడుపులోనే దాచుకున్నాడు. 2002లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ చిత్రంలోగాని అది బయటపడలేదు.

చూశారా? ఇక్కడ పత్రికలమాట తప్పింది, ఇంటివాళ్లమాటా తప్పింది, శ్రమపడి రాసిన పుస్తకమూ సగమే చెప్పింది. పుట్టినప్పుడే, ఏ లాభమూ చూసుకోకుండా రాసిన ఒక్క చిన్న కాగితం నిజం చెప్పింది. నా జూలై 1 ఏళ్లు గడిచాక, బళ్లో చేర్చడానికి రాసింది. అందుకే కాగితం ఉందా అని అడిగితే చాలదు. ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అని కూడా అడగాలి.

ఇంతకీ ఆ అబద్ధానికి వెల ఎవరు కట్టారు? షార్లెట్. లండన్‌లో మెర్ల్‌తోనే ఉన్నా, ఒంటిరంగు చూసి జనం ఆరా తీస్తారని వచ్చినవాళ్లకు పనిమనిషిగా చూపేవారట. ఆవిడ 1937లో పోయింది. 1949లో మెర్ల్ ఒక పాత ఫొటో ఇచ్చి షార్లెట్ బొమ్మ గీయించుకుంది. ఒంటిరంగు మాత్రం తెల్లగా వేయమన్నది. తాను ఏ ఇంట్లో ఉన్నా ఆ బొమ్మ గోడకు ఉండేది. పెంచిన తల్లిని మరవలేకపోయింది, ఉన్నది ఉన్నట్టు చూపుకోనూలేకపోయింది. ఆమెను తప్పుపట్టే ముందు ఆ తప్పు చేయించిన లోకాన్ని కూడా తలుచుకోవాలి.

నిజం తేలడం వల్ల ఆమెకు దక్కిన గౌరవమూ ఉంది. ఆసియా సంతతి నటి ఉత్తమ నటి ఆస్కార్ పోటీలో నిలవడం ఆమెతోనే మొదలు. 2023లో మిషెల్ యో ఆ బహుమతి గెలిచినప్పుడు మెర్ల్ పేరు మళ్లీ అందరి నోటా వినిపించింది. హోబర్ట్ కథే నిలిచి ఉంటే బొంబాయిలో పుట్టిన ఆ పిల్లకు ఈ గుర్తింపు దక్కేదా?

ఒక్కమాట. నిజం తేల్చుకోవడం వేరు, గుట్టు లాగడం వేరు. ఈనాటి ఏ నటి విషయమైనా ఆమె స్వయంగా చెప్పిన మాట, ఆనాటి రాత, రెండూ కలిశాయా అని చూడండి. కలిస్తే సరే. కలవకపోతే 'అట' అనే ఉంచండి, నష్టమేమీ లేదు. ఆమె ఇల్లెక్కడ, తోబుట్టువులు ఏం చేస్తున్నారు అని తవ్వడం మాత్రం మన పని కాదు.

ఇక మన ఇంటి పని. 1969 నాటి చట్టం ప్రకారం దేశంలో ప్రతి జననమూ నమోదు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకైతే బడిలో చేరడం మొదలు అన్నిటికీ జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. మనవడో మనవరాలో పుట్టగానే పేర్లూ, తేదీ సరిగా పడ్డాయో లేదో అద్దాలు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పుట్టిళ్ల కబుర్లు అడిగి, ఎవరు చెప్పారో, ఏనాడు చెప్పారో వేసి ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మా అమ్మ చెప్పిన ఆ కార్తీకమాసపు సాయంత్రం ఏ తేదీయో అడిగి రాసుకుందామని నాకు తోచేసరికి, చెప్పడానికి ఆవిడ లేదు.

సెలవు.