ప్రత్తి, గోగు మొలకలపై భారలోహాల ప్రభావం – గుర్తించే విధానం, జాగ్రత్తలు

ప్రత్తి బాగానే మొలిచినా ఇరవై రోజులకు కూడా ఎదగకపోతే చాలామంది రైతులు యూరియానో, జింకునో వేస్తారు. పొలానికి దగ్గరలో మురుగు కాల్వ, పరిశ్రమ లేదా గని వ్యర్థాల చెరువు ఉంటే మాత్రం ముందుగా నీటిని పరీక్ష చేయించండి.

మొలకకు జరిగే నష్టం

గింజలో నిల్వ ఆహారం ఉంటుంది కనుక మొలక శాతం అంతగా తగ్గకపోవచ్చు. దెబ్బ ముందు వేరుకు తగులుతుంది. కాడ్మియం, సీసం, నికెల్, క్రోమియం, మోతాదు మించిన రాగి వేరు కొన పెరుగుదలను అడ్డుకుంటాయి. తల్లివేరు పొట్టిగా, గోధుమ రంగులో ఉంటుంది. పిల్లవేర్లు తగ్గుతాయి. ఇనుము, జింకు సరిగా అందక లేత ఆకుల ఈనెల మధ్య పసుపు రంగు వస్తుంది. వేరు లోతుకు దిగని పైరు తొలి బెట్టకే వాడిపోతుంది.

మన ప్రాంతంలో పరిస్థితి

కర్నూలు, కడప నల్లరేగడి నేలల్లో సున్నం, క్షారగుణం ఎక్కువ. అందువల్ల సీసం, కాడ్మియం చాలావరకు మట్టిలోనే బిగిసి ఉంటాయి. యురేనియం అలా కాదు, బైకార్బొనేట్లు ఉన్న నీటిలో కరిగి కదులుతుంది. వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాల చెరువు దగ్గరి కె.కె. కొట్టాల రైతులు బోరు నీరు చెడి పైర్లు దెబ్బతింటున్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. కర్నూలు పట్టణ మురుగు కలిసే హంద్రీ నీటిని పారించే రైతులూ జాగ్రత్తపడాలి.

ఇంటి దగ్గరే చేసుకునే పరీక్ష

• రెండు ట్రేలలో కడిగిన ఇసుక నింపి, ఒకే ప్యాకెట్‌లోని ప్రత్తి గింజలు 25 చొప్పున విత్తండి.
• ఒకదానికి బోరు నీరు, రెండోదానికి వాన నీరు పోయండి.
• 10వ రోజు మొక్కలను నెమ్మదిగా తీసి, కడిగి, వేర్ల పొడవు కొలవండి.

బోరు నీటి ట్రేలో వేర్లు బాగా పొట్టిగా ఉంటే నీటిలో లోపం ఉన్నట్లే. అది ఉప్పు వల్లా, లోహాల వల్లా అన్నది ల్యాబ్‌లోనే తేలుతుంది. మామూలు భూసార పరీక్షలో సీసం, కాడ్మియం చూడరు, విడిగా అడగాలి. సాగునీటిలో లీటరుకు కాడ్మియం 0.01, క్రోమియం 0.1, నికెల్ 0.2 మిల్లీగ్రాములు మించరాదు.

జాగ్రత్తలు

• ఫలితం వచ్చేదాకా మొలక దశలో వాన నీరు లేదా కాల్వ నీరు వాడండి.
• ఎకరాకు 4 టన్నుల మాగిన పశువుల ఎరువు వేయండి.
• పట్టణ కంపోస్టు కొంటే పరీక్ష రిపోర్టు అడగండి. కిలోకు సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటరాదు.
• అనుమానం ఉన్న పొలంలోని గోగు ఆకును కూరకు వాడవద్దు.
• ఆ బోరు నీరు తాగవద్దు. తాగునీటిలో యురేనియం పరిమితి లీటరుకు 0.03 మిల్లీగ్రాములు.

నీటి నమూనా తీసే పద్ధతి కోసం మీ రైతు సేవా కేంద్రాన్ని గానీ, బనవాసి, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాలను గానీ సంప్రదించండి. విత్తడానికి నెల ముందే పరీక్ష చేయిస్తే విత్తనం ఖర్చు వృథా కాదు.