చేలోంచి ఎగిరిపోయే ఎరువు

తెల్లవారుజామున పశువుల కొట్టంలోకి వెళితే ముక్కుకు కొట్టే ఘాటు రైతుబిడ్డలందరికీ తెలిసిందే. మన లేబరేటరీలో అమ్మోనియా సీసా మూత తీస్తే వచ్చేదీ అదే వాసన. పశువుల మూత్రంలో యూరియా ఉంటుంది. సూక్ష్మజీవుల్లో ఉండే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియం కార్బొనేటుగా మారుస్తుంది. అందులోంచి అమ్మోనియా లేచిపోతుంది. మనం బస్తాల కొద్దీ కొని చల్లే యూరియాకూ పొలంలో ఇదే గతి.

నీటిలో కరిగిన అమ్మోనియా కొంత అమ్మోనియం అయానుగా ఉంటుంది, కొంత వట్టి అమ్మోనియాగానే ఉంటుంది. అయాను ఎగరలేదు, రెండోది ఎగిరిపోతుంది. నీటికి క్షారగుణం, వేడి ఎక్కువైతే ఎగిరే వాటా పెరుగుతుంది. వరిమడి నీళ్ళలో నాచు ఉంటుంది కదా, అది పగలు ఎండలో నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది. దాంతో మధ్యాహ్నానికి పి.హెచ్. 9 దాటడం కూడా కద్దు. దానికి గాలి తోడైతే ఇక చెప్పేదేముంది! 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. నిలవ నీళ్ళలో చల్లితే, పరిస్థితులు కలిసిరానప్పుడు అందులో మూడో వంతుకు పైగా ఈ దారినే పోవచ్చు. పైరు పచ్చబడలేదని రైతు ఇంకో బస్తాకు అప్పు చేస్తాడు.

ఉపాయం పెద్ద కష్టమైంది కాదు. నీరు తీసేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి పలచగా నీరు పెట్టాలి. అప్పుడు అమ్మోనియం మట్టిని పట్టుకుని ఉంటుంది. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియాకంతా వేపనూనె పూత పెడుతున్నారు. అయితే ఆ పూత ముఖ్యంగా అమ్మోనియం నైట్రేటుగా మారడాన్ని ఆలస్యం చేస్తుంది. పూత ఉంది గదా అని నిండు నీళ్ళలో చల్లితే ఎగిరేది ఎగరక మానదు.

ఎగిరిపోయే ఈ గుణమే మరోచోట అన్నం పెడుతోంది. సూది వేసే ముందు స్పిరిట్ రాస్తే చెయ్యి చల్లబడుతుంది చూడండి, అదే సూత్రం. ద్రవ అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని గ్రాముకు 300 కేలరీలకు పైగా గుంజుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసరుతో నొక్కి, చల్లబరిచి మళ్ళీ ద్రవం చేస్తారు. గుంటూరు మిర్చి దాచే కోల్డు స్టోరేజీలు, ఐసు ఫ్యాక్టరీలు చాలామటుకు దీని మీదే నడుస్తాయి.

అక్కడ గొట్టం పగిలితే మాత్రం ప్రాణాలకే ముప్పు. అమ్మోనియా గాలికంటే తేలికే గాని, కారిన ద్రవం తెల్లని మంచులా నేలబారున పాకుతుంది. కన్నూ గొంతూ తడిగా ఉండే చోట్లు కనుక అక్కడే కరిగి కాల్చేస్తుంది. ధాన్యం తూర్పారబట్టినవాళ్ళకు గాలి వాటం వేరే చెప్పక్కర్లేదు: గాలికి ఎదురు వెళ్ళాలి, దారిలో ఆ పొగ అడ్డుంటే పక్కకు తప్పుకోవాలి. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుంటే బయటపడేదాకా కొంత మేలు. కంట్లో పడితే కనీసం పావుగంట నీళ్ళధార పోసి, ఆపైన డాక్టరు దగ్గరికి. నిమ్మరసం, వెనిగరు లాంటి వైద్యాలు వద్దు. నేలమీద మడుగుకట్టిన ద్రవం మీద మాత్రం నీళ్ళు కుమ్మరించకూడదు, ఆ వేడికి ఇంకా మరుగుతుంది.

మన లేబరేటరీ సీసాని ఎండాకాలం చన్నీళ్ళలో కాసేపు ఉంచి, ఫ్యూమ్ కప్‌బోర్డులోనే తెరవాలి. హాస్టలు మూత్రశాలల్లో బ్లీచింగు చల్లేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి: మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమీన్ అనే విషవాయువు పుడుతుంది. ముందు నీళ్ళు బాగా కొట్టి కడిగాకే చల్లమనండి.